ఎడమ చక్రం నట్లు

మా అల్లుడి కారు బానెట్ ఎత్తి చూసిన రోజునే నాకు అమెరికా మీద సగం ఆశ పోయింది. అల్ఫారెట్టా వచ్చిన మూడో రోజు అది. బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషిని. ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల బండి ఎలా ఉందో చూడటం నా అలవాటు. బానెట్ ఎత్తితే లోపల ఇంజను లేదు. శుభ్రంగా తుడిచిపెట్టిన ఒక తొట్టి, అందులో కూరగాయలు తెచ్చుకునే రెండు గుడ్డ సంచులు ఉన్నాయి.

"కరెంట్ బండి మామయ్యా. ఇంజన్ ఉండది," అన్నాడు అల్లుడు. వాళ్లది హనుమకొండ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మనిషి బంగారం గాని, స్పానర్‌కీ గరిటెకీ తేడా తెలియదు.

"మరి చెడిపోతే?"

"అప్‌డేట్ వస్తది. డౌన్‌లోడ్ చేస్తే అదే సెట్ అయితది."

తనంతట తానే బాగైపోయే బండి దగ్గర నాలాంటివాడికి పనేముంటుంది? బానెట్ దించేశాను. ఆ తర్వాత మూడు నెలలు నేను ఆ ఇంట్లో ఒక అదనపు కుర్చీలా ఉన్నాను. కుళాయి కారితే కంపెనీకి ఫోన్ చేస్తారు. ఫ్యాన్ చప్పుడు చేస్తే కొత్తది వచ్చి గుమ్మంలో పడుతుంది. మా ఆవిడకి వంటిల్లు ఉంది, అమ్మాయికి ఆఫీసుంది. నాకు పొద్దున్న ఒక నడక, సాయంత్రం ఒక నడక. కారు లేకుండా రోడ్డు చివరి దాకా వెళ్లినా అక్కడ చూడటానికి ఇంకో రోడ్డు చివరే ఉంటుంది. నోరు తెరిచి ఎవరితోనైనా మాట్లాడదామంటే, నా ఇంగ్లీషు డిపో ఇంగ్లీషు. వాళ్ల మాటలు నా తల మీదుగా వెళ్లిపోయేవి.

అలాంటి ఒక పొద్దున్న ఎదురింటి గరాజ్ షట్టర్ పైకి లేచి ఉంది. లోపల ఒక కారు వెనక భాగం కనిపించింది. రెండు పక్కలా రెక్కలు లేచి ఉన్నాయి. పైన మీగడ తెలుపు, కింద లేత ఆకుపచ్చ. మా వీధి సందులో పట్టనంత వెడల్పు. నేను రోడ్డు మీదే నిలబడిపోయాను.

పక్కనే ముక్కాలి పీట మీద ఒకాయన, ఎనభై ఏళ్లు ఉండొచ్చు, కూర్చుని గుడ్డతో బంపరు తుడుస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపి రమ్మన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక నేను బానెట్ వైపు చూపించాను. ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా వెళ్లి బానెట్ ఎత్తాడు.

ఇంజను. నల్లగా, నూనె వాసనతో, ఎనిమిది సిలిండర్ల నిజమైన ఇంజను. పరాయి ఊళ్లో దూరపు చుట్టం కనిపించినట్టు నాకు కళ్లు చెమర్చాయి.

ఆయన వేలు పెట్టి "కార్బ్యురేటర్" అన్నాడు. నేను తల ఊపి పక్కన వేలు పెట్టి "డిస్ట్రిబ్యూటర్" అన్నాను. ఆయన "జనరేటర్" అన్నాడు. నేను "ఫ్యాన్ బెల్ట్" అన్నాను. అలా అరగంట మాట్లాడుకున్నాం. అమెరికాలో నేను సొంతంగా చేసిన మొదటి సంభాషణ అదే. లోపల కూర్చోబెట్టి చూపించాడు కూడా. గేరు కర్ర లేదు. స్టీరింగుకి ఎడమ పక్క వరసగా బటన్లున్నాయి. నొక్కితే గేరు పడుతుంది. నేను నొక్కి నొక్కి చూసి చిన్నపిల్లాడిలా నవ్వాను.

శనివారం ఆయన భార్య మా ఇంటికి వచ్చి, పాతకార్లవాళ్లు కలుసుకునే చోటికి నన్ను పంపమని అల్లుణ్ని అడిగిందట. అల్లుడు తీసుకెళ్లాడు.

డోనట్ల దుకాణం ముందున్న పార్కింగ్ స్థలంలో పది పన్నెండు పాత కార్లు బానెట్లెత్తుకుని నిలబడి ఉన్నాయి. వాటి ముందు మడత కుర్చీలేసుకుని అందరూ ముసలివాళ్లు. వాళ్లకి ఒక ఆట ఉంది. ఒకడు లేచి పాత కార్ల గురించి ఒక ప్రశ్న అడుగుతాడు. జవాబు చెప్పినవాడికి డబ్బాలోంచి మొదటి డోనట్. చెప్పినవాడు ఊరుకోకూడదు, దానికి సంబంధించిన తన జ్ఞాపకం ఒకటి చెప్పాలి. జవాబు సరైనదో కాదో ప్రశ్న తెచ్చినవాడే తేల్చాలి. అతను "కరెక్ట్" అనేదాకా ఇంకెవరూ నోరు మెదపకూడదు. ఇదంతా అల్లుడు ఒక చెవికి ఫోను పెట్టుకుని, ఇంకో పక్క నాకు చెప్పాడు. శనివారమైనా వాడికి ఆఫీసు కాల్ ఉంటుంది.

టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటాయన లేచి అడిగాడు. ఫలానా కారుకి పెట్రోలు మూత ఎక్కడుంటుంది? ఎదురింటాయన చెయ్యెత్తాడు. వెనక ఎడమ దీపం తిప్పితే దాని వెనకాల. కరెక్ట్. అందరూ చప్పట్లు. హెడ్‌లైట్ల వెలుతురు తగ్గించే మీట? ఎడమ కాలి కింద, నేల మీద. కరెక్ట్. అది చెప్పి ఆయన తన తండ్రి డ్రైవింగ్ నేర్పిన సంగతి చెప్పాడు. ఎదురుగా బండి వస్తుంటే వెంటనే కాలితో నొక్కమనేవాడట. ఎదుటివాడి కళ్లు కూడా నీ పూచీయే అనేవాడట. మూడో ప్రశ్న, ఎత్తు ఎక్కేటప్పుడు వైపర్లు ఎందుకు నెమ్మదిస్తాయి? అవి ఇంజను పీల్చే గాలితో నడుస్తాయి, ఎత్తులో ఆ పీల్పు తగ్గుతుంది గనక. కరెక్ట్. దానికో కథ. పెళ్లైన కొత్తలో వానలో కొండెక్కుతుంటే వైపర్లు ఆగిపోయాయి. ఈయన భార్య కిటికీలోంచి సగం బయటికి వంగి తన తలగుడ్డతో అద్దం తుడుస్తూ కొండ మీది దాకా వచ్చింది. దారంతా ఆవిడ నవ్వుతూనే ఉందట. అందరూ నవ్వారు. నాలుగోది, ఆయన కారు గేరు బటన్లలో ఏ బటను ఉండదు? పార్కింగ్ బటను. కరెక్ట్.

నాకు భలే సరదా వేసింది. మా డిపోలో ఇలాంటి ఆట పెడితే ఎంత బాగుండేదో అనుకున్నాను.

రెండో శనివారం కూడా అవే నాలుగు ప్రశ్నలు అడిగారు. మూడో శనివారమూ అవే. ఎదురింటాయనే చెయ్యెత్తడం, అవే జవాబులు, అదే వాన, అదే తలగుడ్డ. అందరూ అదే చోట నవ్వడం. మిగతా ప్రశ్నలు అటూ ఇటూ మారేవి గాని ఈ నాలుగూ మారేవి కావు. నాకు ముక్కు మీద ఉంటుంది కోపం. ఈ మాత్రం దానికి చప్పట్లెందుకు, డోనట్లెందుకు? ఇంత పెద్దవాళ్లు, ఇన్ని కార్లు ఉన్నవాళ్లు, ప్రశ్నలకి ఇంత కరువా? మనం ఒకటి అడిగితే తెలుస్తుంది వీళ్ల సంగతి అనుకున్నాను.

అడగటానికి నా దగ్గర ఒకటుంది. ఎదురింటాయన కారు ఎడమ చక్రం మూత తీసినప్పుడు చూశాను. నట్టు బిగించే స్టడ్ల చివర చిన్నగా 'ఎల్' అక్షరం కొట్టి ఉంది. మామూలుగా ప్రపంచంలో ఏ నట్టైనా ఎడమకి తిప్పితే ఊడుతుంది, కుడికి తిప్పితే బిగుస్తుంది. ఆ కారు ఎడమ చక్రాలకి మాత్రం మర ఉల్టా. కుడికి తిప్పితేనే ఊడుతుంది. చక్రం ముందుకి తిరుగుతూ నట్లని వదులు చెయ్యకుండా అలా పెట్టారు. మా పాత బస్సులకీ అంతే. తెలియనివాడు ఊడదీస్తున్నాననుకుని బిగిస్తూనే ఉంటాడు, చివరికి స్టడ్డు విరుగుతుంది.

ఈ ఒక్క విషయం మీద నేను ఒకతన్ని ప్రమోషన్ టెస్టులో ఫెయిల్ చేశాను. పంతొమ్మిదేళ్ల సర్వీసున్న మనిషి. కంగారులో ఎడమ చక్రం నట్టు ఎడమకి తిప్పాడు. "సార్, నాకు తెలుసు సార్, చెయ్యి తొందరపడింది," అన్నాడు. "రోడ్డు మీద బస్సులో యాభై మంది ఉంటే కూడా చెయ్యి తొందరపడుద్దా?" అన్నాను. సంతకం పెట్టలేదు. అతను షెడ్డు వెనక్కి వెళ్లి ఏడ్చాడని తర్వాత చెప్పారు. నేను రిటైరైన రోజున దండ వెయ్యడానికి అందరూ వచ్చారు, అతను రాలేదు. అయినా నేను ఎప్పుడూ పశ్చాత్తాపపడలేదు. తప్పుని ఒప్పని నా చెయ్యి ఏనాడూ రాయలేదు. నాకున్న ఆస్తల్లా అదే.

నాలుగో శనివారం అల్లుడితో చెప్పాను. "బాబూ, ఇవాళ నేను అడుగుతాను. నువ్వు ఇంగ్లీషులో చెప్పు."

"ఎందుకు మామయ్యా? వాళ్లది వాళ్లకు నడుస్తున్నది గదా. ఎంజాయ్ చేద్దాం."

"చెప్తావా, నన్నే చెప్పమంటావా?"

అల్లుడు ఫోను మ్యూట్ చేశాడు. నేను లేచి నిలబడి, ఎదురింటాయన కారు ముందు చక్రం మీద చెయ్యి వేసి అడిగాను. ఎడమ చక్రం నట్టు ఊడదియ్యాలంటే ఏ పక్కకి తిప్పాలి? అల్లుడు ఇంగ్లీషులో చెప్పాడు.

అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ఎవరికీ తెలియదు అనుకున్నాను. గర్వంతో నా ఛాతీ ఎంత పొంగిందో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. నిజానికి వాళ్లలో కనీసం నలుగురి కార్లకి అవే చక్రాలున్నాయి. అందరికీ తెలుసు. అందరూ ఎదురింటాయన వైపు చూస్తున్నారు.

ఆయన చెయ్యెత్తాడు. ప్రశ్న తన కారు మీద వచ్చింది గనక అలవాటుగా ఎత్తాడు. నోరు తెరిచాడు. చెయ్యి గాల్లోనే నట్టు పట్టుకున్నట్టు మూడు వేళ్లు దగ్గరకి చేసింది. కొంచెం ఇటు తిరిగింది. ఆగి, అటు తిరిగింది. ఆయన తన చేతిని తానే చూసుకుంటూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా వెళ్లి కార్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

నేను ఏం చేశానంటే, జవాబు చెప్పాను. చేత్తో చూపించి మరీ చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టోపీ ఆయన డబ్బా నా ముందు పెట్టాడు. మొదటి డోనట్ తీసుకుని తిన్నాను కూడా.

ఆ సాయంత్రం ఎదురింటావిడ వచ్చి మా అమ్మాయితో గుమ్మంలో చాలాసేపు మాట్లాడింది. ఆవిడ వెళ్లాక అమ్మాయి టీవీ ఆపేసి నా ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, నువ్వేం ఫీల్ కావద్దు. ఆవిడ కంప్లయింట్ చెయ్యడానికి రాలేదు. నీకు తెలియదు కదా, చెప్పాలని వచ్చింది."

"ఏంటే?"

"ఆయనకి మెమరీ పోతోంది నాన్నా. రెండు మూడేళ్ల నుంచి. పిల్లల పేర్లు కూడా ఒక్కోసారి కలిపేస్తాడంట. కార్ల సంగతి మాత్రం ఉండేది. అందుకని ఆవిడ ప్రతి నెలా ఆయన్ని ఇంట్లో అడిగి చూసి, ఇంకా గుర్తున్న ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి ఆ ఫ్రెండ్స్‌కి ఇస్తుంది. వాళ్లు అవే అడుగుతారు. మొదట్లో రెండు పేజీలు ఉండేదంట లిస్టు. ఇప్పుడు నాలుగే మిగిలాయంట."

నాలుగు శనివారాలు ఆ నాలుగు ప్రశ్నలు విని విసుక్కున్నాను. ఆ పన్నెండు మందిలో ప్రతివాడికీ తెలుసు. తెలియనిది నాకు, ఫోన్లో ఉన్న మా అల్లుడికి. ఒక మనిషికి ఇంకా మిగిలిన నాలుగు జవాబుల్ని వాళ్లంతా కలిసి కాపాడుకుంటూ వస్తుంటే, భాష రాని నేను వెళ్లి నా తెలివి చూపించుకోవడానికి అయిదోది అడిగాను. అందరి ముందూ ఆయనకి టెస్టు పెట్టి ఫెయిల్ చేశాను. తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. సారీ చెప్పడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఆయన పీట మీద కూర్చుని బంపరు తుడుస్తున్నాడు. "సారీ సార్," అన్నాను. ఆయన నవ్వాడు. ఎందుకో ఆయనకి తెలియదు. హమ్మయ్య, మర్చిపోయాడు అనుకున్నాను. సరిగ్గా అప్పుడు ఆయన మూడు వేళ్లు దగ్గరకి చేసి చెయ్యి ఎత్తాడు.

"లెఫ్ట్ సైడ్?" అన్నాడు. ఇటు తిప్పి, అటు తిప్పి, నా మొహంలోకి చూశాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని కుడికి తిప్పాను. "ఆ!" అన్నాడు. ఎంత సంతోషపడ్డాడో! నాకూ బరువు దిగినట్టనిపించింది. ఆ రోజు అన్నం తిన్నాను.

మర్నాడు వెళ్లాను. "లెఫ్ట్ సైడ్?" అన్నాడు.

ఆ మర్నాడూ అంతే.

ఆవిడ అమ్మాయితో అందట, ఏడాదిగా కొత్త సంగతి ఒక్కటీ ఆయన తలలో నిలవలేదు, మీ నాన్న అడిగిన ప్రశ్న నిలిచింది అని. అమ్మాయి అది నాకు ఊరటగా ఉంటుందని చెప్పింది. నాకు మాత్రం ఊరట కలగలేదు. నిలిచింది ప్రశ్నే. జవాబు నిలవలేదు. నేనెవరో కూడా కొన్ని రోజులు ఆయనకి తెలిసేది కాదు. ప్రశ్న మాత్రం తెల్లారేసరికి తయారుగా ఉండేది. శనివారం వచ్చింది. టోపీ ఆయన వచ్చి పిలిస్తే ఈయన కారెక్కలేదు. ఇంకా జవాబు తెలియలేదు, తెలిశాక వస్తాను అన్నాడట. తర్వాత శనివారం కూడా వెళ్లలేదు. వారమంతా ఆయన ఎదురుచూసే ఒక్క చోటు అది. ఆయనకి ఇంకా అన్నీ తెలిసిన చోటు. దాన్ని నేను పోగొట్టాను.

నా చేతిలోకి వచ్చిన ఏ బండినీ బాగుచెయ్యకుండా వదల్లేదు నేను. ఇదీ బాగుచేస్తాను అనుకున్నాను. ముందు ఎడమ చక్రం మూత తీసేసి పక్కన పెట్టాను. రోజూ పొద్దున్న ఆయన చేతికి స్పానరిచ్చి, నా చెయ్యి పైన వేసి తిప్పించాను. స్టడ్డు మీది 'ఎల్' చూపించాను. ఒక రోజు సుద్దముక్కతో గోడ మీద బాణం గుర్తు గీశాను, ఇటు అని. మర్నాటికి ఆయన దాన్ని తడిగుడ్డతో తుడిచేశాడు. తన గరాజ్ గోడ మీద ఎవరో పిచ్చిగీతలు గీశారని ఆవిడ మీద కోప్పడ్డాడట. ఆ తుడిచిన తడి గోడ ముందు నిలబడి నేను నవ్వాను, తర్వాత ఏడుపొచ్చింది.

"మామయ్యా, ఇది మీ వల్ల కాదు. డాక్టర్లతోనే అయితలేదు," అన్నాడు అల్లుడు. వాడు మెత్తగానే అన్నాడు. నేను వాడి మీద అరిచాను. వాడు వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. అప్పటినుంచి వాడి మీద నాకు గౌరవం పెరిగింది.

నెలాఖరుకి ఇంకో సంగతి తెలిసింది. కారుని వేరే రాష్ట్రంలో ఉన్న వాళ్లబ్బాయి తీసుకెళ్లిపోతాడు. ఈయన తాళాలు తీసుకుని ఒక్కడే బయల్దేరబోయాడట ఒకసారి. ఇక కారుని ఇంట్లో ఉంచడం మంచిది కాదన్నారు. వచ్చే శనివారమే ఆఖరిది. ఆ తర్వాతి వారం నా విమానం. ఆ ఒక్కసారైనా ఆయన ఆటకి వస్తే బాగుండునని ఆవిడ కోరిక. నాతో నేరుగా అనలేదు గాని, అమ్మాయితో అంటూ నా వైపే చూసింది.

శుక్రవారం పొద్దున్న రెండు గంటలు కూర్చున్నాం. పదిసార్లు తిప్పించాను. పదకొండోసారి నా చెయ్యి తీసేశాను. ఆయన ఒక్కడే స్పానరు పట్టుకుని కుడికి తిప్పాడు. నట్టు వదులైంది. నా వైపు చూసి, "టుమారో, ఐ గో," అన్నాడు. నా కోసం అంత చిన్న ముక్కల్లో అన్నాడు. ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. పాయసం చెయ్యమన్నాను మా ఆవిణ్ని.

అయినా ఫోర్‌మన్ బుద్ధి పోదు. వెళ్లి నట్లన్నీ మళ్లీ బిగించాను. వాళ్లబ్బాయికి ఈ మర సంగతి తెలుసో లేదో, దారిలో టైరు పంక్చరైతే స్టడ్డు విరగ్గొడతాడేమో అని, అల్లుడి చేత ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో కాగితం రాయించి, డిక్కీలో జాకీకి కట్టి వచ్చాను.

శనివారం టోపీ ఆయన కారు నడిపాడు. ఎదురింటాయన ఆయన పక్కన, నేనూ అల్లుడూ వెనక. సోఫాలాంటి సీటు. మూత లేని ముందు చక్రంతో, రెక్కలతో, ఆ కారు డోనట్ల దుకాణం ముందుకి వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు.

ఆట మొదలైంది. కాలి కింద మీట అడిగారు. వైపర్లు అడిగారు. వానలో కొండా, తలగుడ్డా వచ్చాయి. ఈసారి వింటుంటే నేను కూడా సరైన చోట నవ్వాను. బటను అడిగారు. పెట్రోలు మూత ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పుడు నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నాలుగు మూడయ్యాయి.

తర్వాత ఎదురింటాయన లేచాడు. తానే ఒక ప్రశ్న అడుగుతానన్నాడు. ఆయన ప్రశ్న అడిగి చాలా కాలమైందట, అందరూ ముందుకి వంగారు. ఆయన నడిచి వెళ్లి చక్రం మీద చెయ్యి వేశాడు. ఆ రోజు నేను వేసినట్టే.

"లెఫ్ట్ సైడ్," అని మొదలుపెట్టి మొత్తం అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. అందరూ తెలిసీ తల గోక్కున్నారు. ఒకాయన ఆకాశం వైపు చూశాడు. అది ఆయనకి వదిలిపెట్టిన ప్రశ్న. ఆయన అందర్నీ ఒకసారి చూసి, తృప్తిగా, మూడు వేళ్లు దగ్గరకి చేసి చెయ్యి ఎత్తాడు.

ఎడమకి తిప్పాడు.

మళ్లీ ఒకసారి, ఇంకా గట్టిగా, ఎడమకి తిప్పి చూపించాడు. ప్రపంచంలో అన్ని నట్లూ ఊడే పక్కకి. తన ప్రశ్నే గనక ఆయనే కరెక్ట్ అనుకోవచ్చు. అనుకోలేదు. ఆ ప్రశ్న తెచ్చింది ఎవరో ఆయనకి ఆ నిమిషాన గుర్తుంది. నా వైపు తిరిగాడు.

"కరెక్ట్?" అన్నాడు.

పన్నెండు మంది ముసలివాళ్లు నన్నే చూస్తున్నారు. వాళ్ల రివాజు ప్రకారం నేను తప్ప ఇంకెవరూ నోరు మెదపకూడదు. అల్లుడు నా చెవి దగ్గరకి వంగి, "ఏం చెప్పాలె మామయ్యా?" అన్నాడు. ఫోను వాడి జేబులో ఉంది. నాకు మా డిపో షెడ్డు కనిపించింది. టెస్టు కాగితం కనిపించింది. సార్ నాకు తెలుసు సార్, చెయ్యి తొందరపడింది అన్న మనిషి కనిపించాడు. అతనికి తెలుసు. ఈయనకీ నిన్న పొద్దున్న తెలుసు.

"కరెక్ట్ సార్," అన్నాను.

చప్పట్లు ఇంతా అంతా కావు. టోపీ ఆయన డబ్బా తెచ్చాడు. ఎదురింటాయన మొదటి డోనట్ తీసి, సగం తుంచి నాకిచ్చాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని చక్రం దగ్గర వంచి కూర్చోబెట్టాడు. తను కూడా మోకాళ్లు పట్టుకుంటూ పక్కన కూర్చున్నాడు. నా వేళ్లు నట్టు మీద పెట్టి, తన చెయ్యి పైన వేశాడు. నేను రోజూ ఆయనకి నేర్పినట్టే, నిదానంగా, విసుక్కోకుండా, ఎడమకి తిప్పి చూపించాడు. మర్చిపోకు అన్నట్టు మళ్లీ ఇంకోసారి తిప్పాడు. నేను తల ఊపుతూ తిప్పనిచ్చాను.